కరగకుండానే మాయం... ఇంతకీ ఎక్కడికి పోయినట్టు?

‘జీతం హారతి కర్పూరంలా కరిగిపోయింది’ అంటాం. ఒకటో తేదీన అకౌంట్లో పడిన డబ్బు పదో తేదీకి కనిపించకపోతే మనలో చాలామంది నోట వచ్చే మాట ఇదే. మాట భలే ఉంటుంది. కానీ సైన్స్ లెక్కన చూస్తే అందులో చిన్న తేడా ఉంది. పూజగదిలో డబ్బాలో పెట్టిన కర్పూరం కరగదు. కరిగితే డబ్బా అడుగున కాస్తయినా తడి కనిపించాలి కదా? కనిపించదు. నెల తర్వాత తీసి చూస్తే బిళ్లలు చిక్కిపోయి ఉంటాయి, అడుగు మాత్రం పొడిగానే ఉంటుంది.

మా ఇంట్లో పెద్దవాళ్లు ‘కర్పూరం హరించుకుపోయింది’ అంటారు. నాకైతే ఈ మాటే కరెక్ట్ అనిపిస్తుంది. నీళ్లలా మారకుండా, గట్టిగా ఉన్నది ఉన్నట్టే గాలిలో కలిసిపోవడాన్ని స్కూల్ పుస్తకంలో ‘ఉత్పతనం’ అని చదువుకున్నాం. రెండు మార్కుల ప్రశ్న. ఉదాహరణలు: కర్పూరం, నాఫ్తలీన్, అయోడిన్, పొడి మంచు. రాసేశాం, మార్కులు వేయించుకున్నాం, మర్చిపోయాం.

ఆ ప్రశ్న మనల్ని అడగని రెండో సగం ఒకటుంది. మాయమైన ఆ పదార్థం ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. గదిలోనే ఉంది. కంటికి కనిపించకుండా గాల్లో ఉంది. అందులో కొంత మన ఊపిరితిత్తుల్లో ఉంది. ఈ చిన్న విషయం తెలియక పసిపిల్లలు ఆసుపత్రి పాలవుతున్నారు, పార్టీలకు వెళ్లినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే ఈ రెండు మార్కుల ప్రశ్నను మళ్లీ ఒకసారి తెరుద్దాం.

ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాళ్లు

ముందు ఇదెలా జరుగుతుందో చూద్దాం. ఒక ఆర్టీసీ బస్సు ఊహించుకోండి. సీట్లలో బిగుసుకుని కూర్చున్న ప్రయాణికులు ఘనపదార్థంలోని అణువులు. మామూలుగా అయితే బస్సు బస్టాండ్‌లోకి వస్తుంది, జనం దిగుతారు, అక్కడ కాసేపు ఒకరినొకరు తోసుకుంటూ తిరుగుతారు. అది ద్రవం. ఆ తర్వాత ఊరిమీద పడి ఎవరి దారిన వాళ్లు పోతారు. అది వాయువు. మంచుగడ్డ నీరయ్యి, నీరు ఆవిరయ్యేది ఈ రూట్‌లోనే.

కర్పూరం బస్సులో వ్యవహారం వేరు. అందులో అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు. ఫుట్‌బోర్డు మీద, అంటే బిళ్ల పైపొరలో ఉన్నవాళ్లు, బస్టాండ్ దాకా ఆగరు. దారిలోనే రోడ్డు మీదికి దూకేస్తారు. కర్పూరం కరగాలంటే 175 డిగ్రీల సెల్సియస్ పైన వేడి కావాలి. మన గదిలో అంత వేడి ఎక్కడిది? కాబట్టి కరిగే ప్రసక్తే లేదు. దూకడానికి మాత్రం మామూలు గది వేడి చాలు. ఉప్పు, చక్కెరల్లో అణువుల పట్టు చాలా గట్టిది. అందుకే ఉప్పు డబ్బా నుంచి ఉప్పు హరించుకుపోదు.

డ్రై ఐస్ కథలో పీడనం పాత్ర ఎక్కువ. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడే డ్రై ఐస్. అది ద్రవంగా ఉండాలంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి ఐదు రెట్లకు పైగా పీడనం కావాలి. మామూలు గదిలో అది దొరకదు. అందుకే మైనస్ 78.5 డిగ్రీల దగ్గర గడ్డ నేరుగా వాయువైపోతుంది.

గాజు సీసాలో చిన్న మ్యాజిక్

ఇది ఇంట్లోనే చూడొచ్చు. స్టవ్వు అక్కర్లేదు, అగ్గిపుల్ల అసలే వద్దు. పిల్లలకు అందని చోట, ఎండ తగిలే కిటికీ దగ్గర ఒక గాజు సీసా పెట్టండి. అందులో నాలుగు కర్పూరం బిళ్లలు వేసి మూత గట్టిగా బిగించండి. నేను మా వంటింటి కిటికీలో పెట్టాను. కొన్నాళ్లకు సీసా లోపలి గోడ మీద, చల్లగా ఉండే వైపు, మెరిసే చిన్న చిన్న స్ఫటికాలు మొలిచాయి. ఎవరూ తాకలేదు, కదపలేదు. అడుగున ఉన్న కర్పూరం గాలిగా మారి, పైకి వెళ్లి, చల్లటి గాజు తగలగానే మళ్లీ గట్టిపడింది.

వాయువు ద్రవం కాకుండా నేరుగా ఘనం కావడాన్ని ‘నిక్షేపణం’ అంటారు. ఉత్పతనానికి రివర్స్ గేర్ అన్నమాట. మలినాలున్న కర్పూరాన్ని శుద్ధి చేసే పద్ధతుల్లో ఒకటి ఇదే. వేడిచేస్తే కర్పూరం పైకి లేచి చల్లటి మూతకు పట్టుకుంటుంది, చెత్త అడుగున మిగిలిపోతుంది.

మూత ఎందుకు బిగించాలో కూడా ఇక్కడే అర్థమవుతుంది. బిగించిన సీసాలో గాలి కర్పూరంతో నిండిపోయాక, ఎన్ని అణువులు దూకుతాయో అన్నే వెనక్కి వచ్చి ఎక్కుతాయి. లెక్క సరిపోతుంది, కర్పూరం తగ్గదు. మూత వదులైతే దూకినవాళ్లు తిరిగి రారు. డబ్బాలో మిరియాలు వేస్తే కర్పూరం నిలుస్తుందని అంటుంటారు. వేసుకోండి, తప్పులేదు. మూత మాత్రం బిగుతుగా ఉండేలా చూసుకోండి.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. వాసన వస్తోందంటే, ఆ వస్తువు అణువులు మీ ముక్కులోకి వచ్చేశాయనే అర్థం. వాసన అంటే ఆ వస్తువే, గాలి రూపంలో. పెద్దవాళ్లకు పూజగదిలో ఆ కాస్త కర్పూరం వాసనతో వచ్చే ఇబ్బంది ఏమీ లేదు. పసిపిల్లల సంగతి వేరు. జలుబు చేసిందని మూటకట్టి ముక్కు దగ్గర పెట్టడం, ఛాతీకి రాయడం రెండేళ్లలోపు పిల్లలకు చేయకూడదు. హారతి కర్పూరాన్ని చిన్నపిల్లలు మింగితే మూర్ఛ వస్తుంది, ప్రాణానికే ప్రమాదం. ఆడుకుంటూ ఒక్క బిళ్ల నోట్లో వేసుకున్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

బీరువాలోంచి ఉయ్యాలలోకి

ఇప్పుడు కలరా ఉండల దగ్గరికి వద్దాం. తెల్లగా గుండ్రంగా, బీరువా మూలల్లో, బట్టల మడతల్లో, సింకుల్లో కనిపించే నాఫ్తలీన్ గోళీలు. వీటికి కలరాను ఆపే శక్తేమీ లేదు. పేరు అలా నిలిచిపోయిందంతే. పురుగుల్ని తరిమేది వాటి నుంచి వచ్చే వాయువే. ఆ వాయువు చీరల పోగుపోగులోకీ వెళ్లి కూర్చుంటుంది. బీరువా తెరవగానే గుప్పుమనేది అదే.

మన ఇళ్లలో పురుటికి అమ్మాయి పుట్టింటికి వస్తే ముందు జరిగే పనేంటి? బీరువాలోంచి మెత్తటి పాత కాటన్ చీరలు తీయడం. పొత్తిగుడ్డలకు, పక్కబట్టలకు, ఉయ్యాలకు అవే. మా అక్క పురుటికి వచ్చినప్పుడు మా పెద్దమ్మ కూడా అలాగే చీరలు తీసి మంచం మీద పరుస్తోంది. గదంతా కలరా ఉండల వాసన.

“పెద్దమ్మా, ఇవి ఉతికి రెండు రోజులు ఎండలో వేద్దాం” అన్నాను.

“ఉతికి పెట్టినవేనే. మీ అక్కనీ నిన్నూ ఈ చీరల్లోనే పెంచాం. మీకేమైంది?” అంది.

“అప్పుడు బీరువాలో ఈ ఉండలు వేసేవారా?”

పెద్దమ్మ ఒక్క క్షణం ఆగింది. “అప్పుడు బీరువా ఎక్కడిదే... ట్రంకుపెట్టె. ఎండు వేపాకు వేసేదాన్ని” అంది. ఇంకేం మాట్లాడకుండా చీరలన్నీ బకెట్లో వేసింది.

ఉతకమని అంతగా ఎందుకు పట్టుబట్టానో చెబుతాను. మన ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ ఉంది, పేరు జీ6పీడీ. కొంతమందిలో పుట్టుకతోనే ఇది తక్కువగా ఉంటుంది. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల మగపిల్లల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. చూడటానికి బిడ్డ బాగానే ఉంటాడు. నాఫ్తలీన్ ఒంట్లోకి చేరితే మాత్రం ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం మొదలవుతుంది. రక్తం తగ్గిపోతుంది, కామెర్లు ముదురుతాయి. పసికందుల్లో కామెర్లు హద్దు దాటితే మెదడే దెబ్బతినొచ్చు.

నాఫ్తలీన్ వెళ్లే దారులు రెండు. ఒకటి ఊపిరి, రెండు చర్మం. ఒంటికి నూనె రాసి ఉంటే చర్మం దాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. మన దగ్గర నూనె మర్దన చేయించుకోని పసిబిడ్డ ఉంటుందా చెప్పండి? నూనె రాసి, స్నానం చేయించి, ఆ చీరగుడ్డలోనే చుట్టి పడుకోబెడతాం.

‘పుట్టిన పిల్లలకు కామెర్లు మామూలేలే’ అని వదిలేసే అలవాటు కూడా మనకుంది. నిజమే, చాలామందికి వస్తాయి, తగ్గిపోతాయి. కానీ ఒళ్లు బాగా పచ్చబడినా, బిడ్డ పాలిపోయినా, పాలు సరిగా తాగకపోయినా, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా ఆలస్యం చేయొద్దు. డాక్టర్‌తో ‘బట్టల్లో కలరా ఉండలు వాడాం’ అని కచ్చితంగా చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టర్‌కి ఏ పరీక్ష చేయాలో తెలుస్తుంది.

స్టేజీ మీద మేఘాలు

నాఫ్తలీన్ కనీసం వాసనతో చెబుతుంది, ‘నేనిక్కడున్నా’ అని. ఏమీ చెప్పకుండా వచ్చేది డ్రై ఐస్.

ఈమధ్య సంగీత్‌లోనో, రిసెప్షన్‌లోనో మీరు చూసే ఉంటారు. లైట్లు ఆరిపోతాయి, పాట మొదలవుతుంది, పెళ్లికూతురు మేఘాల మీద నడిచొస్తుంది. రీల్స్‌కి అదిరిపోయే షాట్. వేడి నీళ్లలో డ్రై ఐస్ వేస్తే వచ్చే పొగ అది. నిజానికి ఆ తెల్లటి పొగ కార్బన్ డయాక్సైడ్ కాదు, చలికి గాలిలోని తేమ చిక్కబడి ఏర్పడిన సన్నటి నీటి తుంపర. అసలు వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. తెల్లటి పొగ కరిగిపోయాక కూడా అది అక్కడే ఉంటుంది. మామూలు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది.

స్టేజీ కింద, ఆ ఎత్తులో ఉండేది ఎవరు? పొగలో దాక్కునే ఆట ఆడే పిల్లలు. తలుపులు తీసి ఉన్న పెద్ద హాల్లో కొద్దిసేపైతే భయపడాల్సిన పనిలేదు. తలుపులేసిన చిన్న ఏసీ గదిలో అదే పని చేస్తే కథ మారిపోతుంది. 2020 ఫిబ్రవరిలో మాస్కోలో ఒక పుట్టినరోజు పార్టీలో, పొగ ఎఫెక్ట్ కోసం నాలుగు గోడల మధ్య ఉన్న ఈతకొలనులో డ్రై ఐస్ గుమ్మరించారు. ముగ్గురు చనిపోయారు.

తినడం గురించీ చెప్పాలి. 2024 మార్చిలో గురుగ్రామ్‌లోని ఒక రెస్టారెంట్‌లో భోజనం అయ్యాక మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్న ఐదుగురు రక్తం కక్కుకుని ఆసుపత్రి పాలయ్యారు. మైనస్ 78 డిగ్రీల ముక్క నాలుకను కాల్చేస్తుంది. నిప్పు కాదు కానీ గాయం అలాంటిదే. గ్లాసులో పొగలు కక్కే డ్రింక్ ఇస్తే, అడుగున ముక్క పూర్తిగా పోయేదాకా ముట్టొద్దు. ఇక స్మోక్ బిస్కెట్లలో వాడేది లిక్విడ్ నైట్రోజన్. అది ద్రవం మరిగి వాయువు కావడం, ఉత్పతనం కాదు. దాని చలి ఇంకా ఘోరం, మైనస్ 196 డిగ్రీలు.

కారులో ఒక చిన్న లెక్క

డ్రై ఐస్ ఎంత వాయువు ఇస్తుందో లెక్కేసి చూశాను. ఒక కిలో గడ్డ మొత్తం వాయువైతే గది వేడి దగ్గర సుమారు 540 లీటర్లు. అరచేతిలో పట్టే ఇటుక ముక్క నుంచి ఇరవై ఏడు మినరల్ వాటర్ క్యాన్ల వాయువు.

థర్మకోల్ పెట్టెలో పెట్టిన డ్రై ఐస్ రోజుకు 2 నుంచి 4 కిలోల దాకా హరించుకుపోతుంది. 4 కిలోలు అనుకుంటే గంటకు 90 లీటర్ల వాయువు. చిన్న కారు లోపల గాలి 3,000 లీటర్లు అనుకుందాం. అద్దాలు మూసి, ఏసీ బయటి గాలి తీసుకోకుండా లోపలి గాలినే తిప్పే మోడ్‌లో ఉంటే, గంటలో కార్బన్ డయాక్సైడ్ 3 శాతానికి చేరుతుంది. మామూలు గాలిలో అది 0.04 శాతం. ఎనిమిది గంటలు పనిచేసే చోట ఉండదగ్గ పరిమితి 0.5 శాతం. 4 శాతమంటే తక్షణ ప్రమాదం కిందే లెక్క. కారు మరీ గాలి చొరనిదేమీ కాదు కాబట్టి అసలు సంఖ్య కొంత తక్కువే ఉండొచ్చు. కానీ పెట్టెలు రెండు, మూడు, నాలుగు అయితే?

2018 జులైలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో అదే జరిగింది. ఐస్‌క్రీమ్ డెలివరీ చేసే ఒకాయన కారులో నాలుగు డ్రై ఐస్ పెట్టెలు ఉండిపోయాయి. ఆ కారులోనే ఆయన భార్య అత్తగారిని ఇంటి దగ్గర దింపడానికి బయల్దేరింది. దారిలో అత్తగారు చనిపోయారు, కోడలు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికి చేరింది. ప్రమాదం తెలిపే వాసన ఏదీ ఆ కారులో రాలేదు.

వాసన లేకపోయినా మన ఒంట్లో ఒక అలారం ఉంది. ఊపిరి ఆపుకున్నప్పుడు ఉక్కిరిబిక్కిరి అయ్యేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకే. అందుకే డ్రై ఐస్ ఉన్న చోట కారణం లేకుండా తలనొప్పి, ఆయాసం, తల తిరగడం మొదలైతే ఆలోచించొద్దు. ముందు బయటికి రండి, తర్వాత తలుపులు తీయండి. ఎవరైనా పడిపోతే వాళ్ల కోసం మీరు ఊపిరి బిగబట్టి లోపలికి పరిగెత్తొద్దు. వెంటనే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

అదే విద్య, మేలు కోసం

ఇంత చదివాక ఉత్పతనం అంటే విలన్ అనుకునేరు. పురిటిగదిలో ఉన్న అదే పసిబిడ్డకు పుట్టగానే చేతికి వేసే బీసీజీ టీకా ఈ విద్యతోనే తయారవుతుంది. తొమ్మిదో నెలలో వేసే తట్టు టీకా కూడా అంతే. టీకా ద్రవాన్ని ముందు గడ్డకట్టిస్తారు. తర్వాత చుట్టూ గాలి తోడేస్తారు. పీడనం బాగా పడిపోయాక ఆ మంచు నీరు కాకుండా నేరుగా ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పక్కనే ఉన్న అతిచల్లని పలక మీద మళ్లీ మంచుగా పేరుకుంటుంది. సీసాలో తేలికైన పొడి మిగులుతుంది. తడి ఉండదు కాబట్టి ఎక్కువకాలం చెడదు. నర్సు సూది వేసే ముందు చిన్న సీసాలోని పొడిలో ఇంకో ద్రవం కలపడం ఎప్పుడైనా గమనించారా? అదే ఇది. కొన్ని ఇన్‌స్టంట్ కాఫీ పొడులూ ఇలాగే తయారవుతాయి.

రివర్స్ గేర్ చూడాలంటే ఫ్రీజర్ తెరవండి. గోడలకు పట్టిన తెల్లటి పొర నీళ్లు ఒలికి గడ్డకట్టింది కాదు, చాలావరకు గాలిలోని తేమ నేరుగా మంచైంది. కాస్త అందంగా చూడాలంటే చలి బాగా ముదిరిన రోజుల్లో తెల్లవారకముందే లంబసింగి వైపు వెళ్లండి. గడ్డిపరక సున్నా డిగ్రీల కంటే చల్లబడితే గాలిలోని ఆవిరి నీటిబొట్టు కాకుండానే దాని మీద తెల్లటి నూగులా పేరుకుంటుంది. పొగమంచైనా, ఇలా గడ్డి మీద పేరుకున్నదైనా మనకు అన్నీ ‘మంచే’ కాబట్టి తేడా తట్టదు. దగ్గరగా వంగి చూస్తే తెలుస్తుంది.

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి

పసిబిడ్డ బట్టలున్న అరలో కలరా ఉండలు వద్దు. ఎండు వేపాకు చాలు.

ఉండల మధ్య ఉన్న పాత చీరల్ని బిడ్డకు వాడే ముందు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరేయండి.

కర్పూరం, కలరా ఉండలు పిల్లలకు పిప్పరమెంట్లలా కనిపిస్తాయి. పై అరలో పెట్టండి.

డ్రై ఐస్‌ను ఒట్టి చేత్తో పట్టుకోవద్దు, నోట్లో పెట్టొద్దు. మూత బిగించిన సీసాలో అసలే వేయొద్దు, వాయువు ఒత్తిడికి సీసా బాంబులా పేలుతుంది.

ఐస్‌క్రీమ్ పార్సిల్లో వచ్చిన డ్రై ఐస్‌ను పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొద్దు. బాల్కనీలోనో డాబా మీదో, పిల్లలకు అందని చోట వదిలేయండి. అదే పోతుంది. కారులో తేవాల్సి వస్తే అద్దాలు దించండి.

మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఈ నెలలోనో వచ్చే నెలలోనో పురుడు పోసుకోబోయే అక్కో, వదినో ఉంటే ఇది వాళ్లకంటే ముందు వాళ్లమ్మకు పంపండి. బీరువా తాళాలు ఉండేది ఆవిడ దగ్గరే కదా!